ఎవరి ఫోల్డర్ వాళ్లకే

నా ఒక్క వేలితోని మా ఇంట్ల నలుగురి పరువు ఒక్క మధ్యాహ్నం పూట ఎట్ల గంగల కలిసిందో చెప్త. నవ్వుండ్రి, ఫర్వాలేదు.

నాలుగేండ్ల కింది ముచ్చట. పటాన్‌చెరుల మందుల ఫ్యాక్టరీల నా నౌకరి, చిట్కుల్‌ల ఇల్లు. అందరి ఫోన్లు ఫొటోలతోని నిండి చెరువు లెక్క అలుగు దుంకుతున్నయి. మా అమ్మ కొత్త ఫొటో దిగాలంటే పాత ఫొటోలకెంచి మనుమరాలిని తీసెయ్యాలె, గంత పరేషాన్.

నేనొక స్టోరేజి డబ్బా తెచ్చి ఇంట్ల వైఫైకి కలిపిన. ఫోన్ల దిగిన ఫొటో దానంతటదే పోయి అండ్ల పడుతది. అమ్మకు, నాయినకు, నా భార్య సునీతకు, నాకు, ఎవరి ఫోల్డర్ వాళ్లకు, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకు.

"నాది వేరేటోళ్లకు కనవడదు గద బిడ్డా?" అన్నడు నాయిన.

"బ్యాంకు లాకరే అనుకో నాయినా!" అన్న, కాలరెగరేసి.

ఆఖరికి ఒక గడి వచ్చింది: 'అందరికీ చూసే అనుమతి'. ముందుగాలనే టిక్కు పెట్టి ఉన్నది. అందరూ ఎవరిది వాళ్లు చూసుకోనీకి కావచ్చు అనుకొని ఓకే కొట్టిన. చూసిండ్రా, ఎంత బుర్రో! ఆ జోష్‌ల హాల్ల టీవీకి గూడ కలిపిన.

ఆదివారం అన్నాలు తిన్నంక మా పాప డాన్సు ఫొటోలు చూస్తనని అమ్మ రిమోట్ ఒత్తింది. తెరుసుకున్నది నాయిన ఫోల్డర్. టీవీ నిండ జిలేబీ, దాని ఎనక నాయిన మూతి! మా నాయినకు షుగర్.

"ఏందిది? పొద్దుగాల వాకింగని పోయేది గీడికేనా?"

"గవి తిన్నయి గాదే, ఉత్తగ చూసినయి."

"చూస్తే మూతికి పాకం అంటుతదా?"

నాయిన రిమోట్ గుంజుకొని అమ్మ ఫోల్డర్ తెరిసిండు. ఏదో వీడియో. ఇల్లంత గుర్రుమన్నది.

"గిది ఏ ఫ్యాక్టరీ బాయిలర్?" అన్నడు.

అంతల వీడియోల అమ్మ గొంతు: "ఇను అక్కా, ఇయ్యాల మీ మరిది రెండో గేరేసిండు!"

మా పెద్దమ్మకు నాయిన గురక రోజూ పోతున్నదన్నట్టు. ఇంటి గుట్టు లంకకు చేటంటరు, మా గుట్టు టీవీకెక్కింది. నేను కడుపు పట్టుకొని నవ్వుతున్న.

సునీత వాళ్లది గుంటూరు దిక్కు, వాళ్ల నాన్న నౌకరికని ఈడికొచ్చి స్థిరపడ్డడు. నెమ్మదిగ రిమోట్ తీసుకున్నది. "ఏవండీ, మీది కూడా చూద్దాం."

"అండ్ల ఏముంటయి? అన్ని మిషన్ల ఫొటోలే!" అన్న. ఆమె ఒత్తనే ఒత్తింది.

టీవీల నా ముందర బిర్యానీ. పక్కన ఫ్యాక్టరీల నాతోని పనిజేసే ఒడిశా దోస్తు ప్రధాన్, నా బాక్సులకెంచి సునీత చేసిన కాకరకాయ వేపుడు నాకుతున్నడు. ఇంకో ఫొటోల బీరకాయ, ఇంకోదాంట్ల పొట్లకాయ. ఊర్ల ఉన్న తన భార్యకు చూపిస్తనని ప్రధాన్ రోజూ నా ఫోన్లనే ఫొటో దింపిచ్చుకునేటోడు.

"బాక్సు రోజూ కడిగినట్టొస్తుంటే, మా ఆయనకి నా వంటంటే ప్రాణమని అమ్మకి కూడా చెప్పుకున్నానండీ," అన్నది సునీత. కండ్లల్ల నీళ్లు. జిలేబీ, గురక పక్కకుపోయి అమ్మానాయిన ఒక్కటై నన్నే చూస్తున్నరు. నాకు తల ఏడ పెట్టుకోవాలో తెల్వలే.

జల్దీ జల్దీ ఆ టిక్కు తీసేసి ఫోల్డర్లన్నిటికి తాళమేసిన. అమ్మ ఊకుంటదా! "ఇప్పటిదాంక తెరిసున్నయి, గిప్పుడు తాళమెందుకురా? ఇంకేందో దాస్తున్నవ్!" మళ్ల తెరిసిన.

"ప్రధాన్ గారికి నా వంట నచ్చిందా?" అనడిగింది సునీత.

"మస్తు ఇష్టం."

"అయితే బాక్సు ఇక ఆయనకే. మోసుకెళ్లేది మీరు. మీకు క్యాంటీన్ సాంబారు. రోజూ ఆ ప్లేటు ఫొటో మీ ఫోల్డర్లో పడాలి, నేను చూడాలి."

నాలుగేండ్ల సంది పడుతున్నది. ప్రధాన్ రెండు సైజులు పెరిగిండు.

అందుకే, ఆ డబ్బా మీద చెయ్యి పెట్టి, నలుగురి సాక్షిగ ఒట్టేస్తున్న: పక్కన ఏం రాసున్నదో చదవకుండ ఇగ ఏ టిక్కూ ముట్ట. బిర్యానీ ముందర ఫోను అసలే తియ్య!