మంది లేని జాగకు పోదామన్న అత్తమ్మ

మా అత్తమ్మ పోయింది. పోయిన నెలలో ఒక పొద్దున, చాయ్ తాగి వాకిట్లో కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెళ్లిపోయింది. చుట్టాలకు ఫోన్లు చేసి చెప్పే పని నా మీద పడింది. వార్త వినగానే చాలామంది అడిగింది ఒకటే.

"అయ్యో... గా వ్యానుల తిరిగిన అత్తమ్మనా?"

ఏడుస్తూనే నవ్వు వచ్చింది నాకు. ఎనభై దాటి బతికింది. సిద్దిపేటలో ఎన్ని ఇళ్లకో పెళ్లి చీరలు తన చేత్తో ఎంచి ఇచ్చింది. అయినా ఊరికి ఆమె గుర్తుండిపోయింది మాత్రం ఆ ఒక్క ప్రయాణంతోనే. ఆమె వింటే సంతోషపడేది. అందుకే ఆ సంగతి మీకు చెబుతాను.

తొంభైల మొదట్లో మాట. నాకు పెళ్లయి అయిదారేళ్లయింది. మాది బట్టల దుకాణం. మామయ్య ఒక పాత వ్యానులో చీరలు, ధోవతులు, తువ్వాలలు వేసుకుని కోహెడ, హుస్నాబాద్ వారపు అంగళ్లకు పోయి అమ్ముకొచ్చేవారు. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక అంగళ్లు మానేశారు. డ్రైవర్ దుబాయి పోయాడు. ఇంటి పక్క సందులో వ్యాను ఊరికే నిలబడి ఉండేది. పక్కింటివాళ్లు దాని మీద మిరపకాయలు ఎండబోసుకునేవారు. దసరా కాగానే అమ్మేస్తానని మామయ్య ఇంట్లో చెప్పేశారు.

మాకు పిల్లలు కలగలేదు. ఆ తర్వాత కూడా కలగలేదు. కథ చివర ఏదో మంచివార్త ఉంటుందని మీరు ఎదురుచూడకుండా ముందే చెబుతున్నాను. ఆ రోజుల్లో ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ ఒక గుడి పేరు చెప్పి పోయేవారు. అత్తమ్మ కూడా నన్ను వెంటబెట్టుకుని చాలా తిరిగింది. ఒకసారి అలాగే ఒక క్షేత్రానికి పోయి, రెండు పూటలు వరసలో నిలబడి, కాళ్లు వాచి తిరిగొచ్చాం. మర్నాడే మామయ్య వాళ్ల అక్క వచ్చి ఇంకో గుడి పేరు చెప్పింది. నేను వంటింట్లో ఉన్నాను. అత్తమ్మ గొంతు వినిపించింది.

"ఇగ సాలు వదినె. నా కోడల్ని ఇగ మొక్కుల కోసం తిప్ప. తిప్పితే ఊకె చూడనీకి తిప్పుత."

ఆమె వెళ్లిపోయాక అత్తమ్మ వచ్చి నా పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"ఇన్నేండ్లు నేను చూసినయి ఏందో తెల్సా బిడ్డా? మంది వీపులు. తిర్పతి పోయినా వీపులే, శ్రీశైలం పోయినా వీపులే. దిగినకాడ మల్ల అందరికి వంట. మంది లేని జాగకు పోదాం. ఇద్దరం."

"ఎక్కడికి అత్తమ్మా?"

అప్పుడు చెప్పింది. ఎప్పుడో ఒక పెళ్లికి జన్నారం వైపు బస్సులో పోతుంటే, టేకు చెట్ల సందులోంచి గోదావరి వంపు తిరిగిన చోటు ఒకటి కనిపించిందట. ఒడ్డున ఎవరూ లేరట. ఇసుక, నీళ్లు, అవతల గుట్టలు. అంతే. "బస్సు ఆగలే. నేను ఆపుమని అడగలే. పెండ్లిల కూసున్న గని నా పానమంతా గాడనే ఉండె" అంది.

ఆ సాయంత్రం మామయ్య అన్నం దగ్గర కూర్చున్నప్పుడు మాట కదిపింది.

"లాడ్జి లేని జాగకు పోయి ఎక్కడ పంటవే?" అన్నారు మామయ్య.

"వ్యానుల."

"దాన్ని అమ్ముతున్న గద."

"అమ్ముకో. ఎవరు వద్దన్నరు? మేము తిరిగొచ్చినంక అమ్ముకో."

"నడిపేదెవరు?"

మా ఆయన తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నాడు. పెళ్లిళ్ల సరుకు వచ్చే కాలం, దుకాణం వదలడం అతనికి కుదరదు. అత్తమ్మ చూపు నా మీదికి తిరిగింది.

"నువ్వు కాలేజికి సైకిల్ మీద పోయినవ్ గద?"

"సైకిల్ వేరు, వ్యాను వేరు అత్తమ్మా!"

"అవీ చక్రాలే, ఇవీ చక్రాలే. దీనికి ఇంకో రెండు ఎక్కువున్నయి. పక్కకు సుత పడదు."

మామయ్య చేయి కడుక్కుని లేచిపోయారు. కుదరదని అనలేదు. మాకు అది చాలు.

మర్నాటి నుంచే మొదలైంది. తెల్లవారగానే కోమటిచెరువు పక్కన ఖాళీ జాగకు పోయేవాళ్లం. మా ఆయన నా పక్కన, అత్తమ్మ వెనక మూట మీద. క్లచ్ వదిలితే బండి కప్పలా ఎగిరి ఆగిపోయేది. మా ఆయన అరిచేవాడు. వెనక నుంచి అత్తమ్మ కొడుకు భుజం తట్టి, "నువ్వు నేర్చుకున్నప్పుడు మన గోడనే గుద్దినవ్, ఊకో" అనేది. పాలు పోయడానికి సైకిళ్ల మీద పోయేవాళ్లు ఆగి చూసేవారు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. కానీ ఒకరోజు మూడో గేరు పడింది. బండి పట్టాలు ఎక్కినట్టు సాఫీగా సాగింది. చెరువు నీళ్లు పక్కన పరుగెత్తాయి. ఎవరి వెనకో కూర్చుని కాకుండా నా చేతులతో నేను పోతున్నాను. "అట్లనే పోనియ్యి! ఆపకు!" అని వెనక నుంచి అత్తమ్మ చప్పట్లు కొట్టింది. ఆ రోజు ఇంటికి వచ్చి నేను తిన్న రొట్టెలు చూసి మామయ్య కూడా నవ్వారు.

లైసెన్సు పరీక్షకు అత్తమ్మ కూడా వచ్చింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నన్నూ వ్యానునూ మార్చి మార్చి చూసి, "గింత బండి ఎందుకమ్మా నీకు?" అన్నాడు. నేను నోరు తెరిచే లోపల అత్తమ్మ జవాబు చెప్పింది. "ఇల్లు తీస్కపోనీకి సార్." ఆయనకు ఏమర్థమైందో గాని, బండి నడిపించి చూసి సంతకం పెట్టాడు.

ఆ నెలల్లో దుకాణానికి చీర కొనడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ అత్తమ్మ దగ్గర విచారణ ఉండేది. "ఏ ఊరమ్మా మీది? మీ దిక్కు వాగున్నదా? పారుతదా, ఎండిందా? నీడ ఉంటదా? చూడనీకి మంది వస్తరా?" మంది వస్తారంటే ఆ ఊరు వద్దు. టికెట్ చింపే మనిషి ఉంటాడంటే అసలే వద్దు. ఎవరైనా, "మా ఊర్ల చూసేటందుకు ఏమున్నదమ్మా, ఏం లేదు" అన్నారంటే ఆమె మొహం వెలిగిపోయేది. "గట్లాంటిదే కావాలె!" అని లోపలికి పిలిచి చాయ్ పోసేది. బేరం సంగతి మర్చిపోయేది. అలా వాగులు, మడుగులు, గుట్టల మధ్య దారులు ఒక్కొక్కటే కలుపుతూ మా ప్రయాణం తయారైంది. పెద్ద రోడ్డు మీద పోవద్దని ఆమె పట్టు. కోహెడ, హుస్నాబాద్, కరీంనగర్, ఆ పైన గోదావరి దాటి జన్నారం దారి.

వ్యాను కూడా తయారైంది. బట్టలు పేర్చే అరలు పీకించి, అవే పలకలతో వడ్లాయన రెండు బల్లలు చేశాడు. దగ్గరికి జరిపితే మంచం, విడదీస్తే కూర్చునే జాగ. దుకాణంలో మిగిలిన ముక్కలతో కిటికీలకు పరదాలు కుట్టాం. ఆమెకు పచ్చ రంగు కావాలి, నాకు నీలం. ఒక పక్క పచ్చ, ఒక పక్క నీలం వేశాం. స్టవ్వు గాలికి ఆరిపోకుండా చుట్టూ రేకు కట్టించింది. కుండకు తాడు, కిరోసిన్‌కు డబ్బా, పచ్చళ్లకు మూత గట్టిగా ఉన్న సీసాలు. వాడకట్టు వాడకట్టంతా వచ్చి తొంగి చూసి పోయేది. "ఆడోళ్లు ఇద్దరే పోతరా?" అని ఒకామె ముక్కున వేలేసుకుంటే, "నువ్వు సుత రా, ముగ్గురమైతం" అంది అత్తమ్మ.

దసరా దాటింది. బయల్దేరే పొద్దున కొబ్బరికాయ కొట్టి తాళం తిప్పాను. వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మామయ్య చాప చుట్ట చంకలో పెట్టుకుని ఎక్కుతున్నారు.

"రోజులు మంచిగ లేవు. నేను సుత వస్త. వ్యాను నాది గద."

అత్తమ్మ ఆయన వైపు చూడకుండానే, "పచ్చ పరదా దిక్కు నాది. నువ్వు నీలం దిక్కు కూసో" అంది.

కోహెడలో బండి నెమ్మది చేయగానే నలుగురైదుగురు ఆడవాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చారు. వ్యానును గుర్తుపట్టారు. "సేటూ, ఇయ్యాల అంగడి కాదు గద! చీరలు తెచ్చినవా?" అంటూ మామయ్య కిందికి దిగేలోగా తలుపు లాగారు. లోపల చీరలు లేవు. పరుపు, కుండ, పచ్చడి సీసాలు, మధ్యలో కాళ్లు చాపుకుని అత్తమ్మ. స్టీరింగు దగ్గర నేను. వాళ్లు ఒక్క క్షణం నోరు తెరిచి, ఆ తర్వాత నవ్వడం మొదలుపెడితే ఆగలేదు. ఒక ముసలామె పైకెక్కి బల్ల మీద కూర్చుని చూసి, "నన్ను సుత తీస్కపో చెల్లె" అంది. పోతూ పోతూ ఇంట్లోంచి ముంతెడు పెరుగు తెచ్చి ఇచ్చింది.

ఆ దారి పొడుగునా అత్తమ్మ నోట ఒకటే మాట. "ఆపు." కొంగలు వాలిన మడి కనిపిస్తే ఆపు. మొక్కజొన్న కంకులు కాలుస్తున్న వాసన వస్తే ఆపు. వాగు మీద చిన్న కల్వర్టు ఉంటే దాని మీద కూర్చుని కాళ్లు ఊపుకోవడానికి ఆపు. "గిట్లయితే గోదావరి ఎప్పుడు చేరుతం?" అని మామయ్య గొణిగితే, "అది ఏడికి పోదు" అనేది. రాత్రులు ఏదో ఒక ఊరి బడి దగ్గర బండి పెట్టుకుని పడుకున్నాం. పొద్దున్నే చూడటానికి వచ్చిన ఊరివాళ్లే బిందెలతో నీళ్లు తెచ్చి పోసేవారు.

గోదావరి వంతెన దాటి, అడవి దారిలో కొంత దూరం పోయాక, ఎడం పక్కన చెట్ల సందులో నీళ్లు మెరిశాయి. "తిప్పు!" అని అరిచింది అత్తమ్మ. మట్టి బాటలో కిందికి దించాను. ఒడ్డు దాకా పోవాలన్న ఉత్సాహంలో ఇంకొంచెం ముందుకు పోనిచ్చాను. చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. ఎంత ఎక్కించబోతే అంత లోతుకు పోయాయి. భయపడి ఇంజన్ ఆపేశాను. మామయ్య దిగి, చక్రాలు చూసి, నడుం మీద చేతులు పెట్టుకున్నారు.

"ఇగ అయిపోయింది. నేను చెప్పలేదా?"

అత్తమ్మ దిగింది. చెప్పులు విడిచింది. నీళ్ల వైపు చూసింది. ఒక్క మనిషి లేడు. చల్లటి గాలి వచ్చి మా పరదాలు ఊపింది.

"దిగవడితే ఏమాయె? మనం వచ్చిందే గీడికి గద!" అంది.

నాకు భయం పోయి నవ్వొచ్చింది. అవును, పోవలసిన చోటికే వచ్చాం. ఇక ఎక్కడికీ పోయే పని లేదు. స్టవ్వు కిందికి దించి వంట పెట్టాం. పప్పుచారు, పచ్చడి, అన్నం. తిన్నాక అత్తమ్మ, నేను ఒడ్డున కూర్చున్నాం.

"ఇదేనా అత్తమ్మా, నువ్వు బస్సులకెళ్లి చూసింది?"

ఆమె చాలాసేపు అటూ ఇటూ చూసింది. "ఏమో బిడ్డా. వంపు గిట్లనే ఉండె. గుట్టలు గిన్ని లేకుండె. ఇది కాకపోయినా మంచిగనే ఉన్నది."

నేను అలవాటు కొద్దీ నదికి చేతులు జోడించాను. ఆమె నా చేతులు పట్టుకుని మెల్లగా విడదీసింది.

"ఈడ ఏం అడగకు. ఊకె కూసో."

ఊరికే కూర్చున్నాను. పెళ్లయ్యాక ఏదీ కోరుకోకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా నేను కూర్చున్న మొదటి సాయంత్రం అది. పొద్దు గుట్టల వెనక్కి పోయింది. నీళ్లు ఎర్రబడి, బూడిద రంగుకు తిరిగాయి. నాకు తెలియకుండానే ఏడ్చాను. అత్తమ్మ చూసింది. నా పాదాల మీదికి ఇసుక ఎత్తి పోస్తూ కూర్చుంది.

మర్నాడు లేచేసరికి స్టవ్వు చప్పుడు. మామయ్య చాయ్ పెడుతున్నారు. జీవితంలో ఆయన పొయ్యి ముట్టించడం నేను చూడటం అదే మొదటిసారి. మరీ నల్లగా, చేదుగా కాచారు. అత్తమ్మ గ్లాసు పట్టుకుని ఒక గుక్క తాగి, మొహం చిట్లించకుండా, "ఇంకో గ్లాసు పొయ్యి" అంది. తర్వాత పక్క ఊరి జాలరులు వచ్చారు. మా మంచం పలకలే చక్రాల కింద వేసి, వాళ్లు వెనక నుంచి నెడుతుంటే, నేను బండిని గట్టు మీదికి ఎక్కించాను. "ఆమెనే ఎక్కించింది!" అని వాళ్లు కేకలు పెడుతుంటే మామయ్య వాళ్లతో, "మా కోడలు" అన్నారు. గొంతు కాస్త పెంచే అన్నారు.

తిరిగొచ్చాక వ్యాను అమ్మేశారు. అన్న మాట ప్రకారం అత్తమ్మ పరదాలు విప్పి ఇచ్చేసింది. నాకే దుఃఖం ఆగలేదు. "బండి పోతే పోయింది, నీ చెయ్యి ఉన్నది గద" అంది. కొన్నాళ్లకు చిన్న బండి ఒకటి కొన్నాం. అంగళ్లకు మళ్లీ బట్టలు వేసుకుపోవడం మొదలుపెట్టాం. ఈసారి నడిపింది నేను. చాలా ఏళ్లు నడిపాను. పక్క సీట్లో ఆమె. పిల్లల సంగతి ఎవరైనా ఎత్తితే, "నా కోడలికి చానా పనులున్నయి" అనేది. ఆ మాట తర్వాత ఇంకెవరూ ముందుకు పోయేవారు కాదు. నన్ను చూసి నేనే జాలిపడే అలవాటును ఆమె అలా నా చేత మాన్పించింది. దానికి ఆమెకు ఎప్పుడైనా కృతజ్ఞత చెప్పానా అంటే, చెప్పలేదు. అత్తాకోడళ్ల మధ్య అలాంటి మాటలు మా ఇంట్లో లేవు. ఇక్కడ రాస్తున్నాను.

ఆ ప్రయాణంలోదే ఇంకొకటి నా కళ్లలో ఉండిపోయింది. గోదావరి నుంచి తిరిగొచ్చేటప్పుడు, టేకు చెట్ల మధ్య రోడ్డు మీద బండి వేడెక్కితే పక్కకు ఆపి నీళ్లు పోస్తున్నాను. సీతాఫలాల కాలం. అత్తమ్మ పక్క పొదల్లోంచి ఒడినిండా కాయలు కోసుకొచ్చింది. నీడ ఎక్కడుందా అని చూసి, నడిరోడ్డు మీదే నీడ పడుతోందని అక్కడే చతికిలబడింది. "రా, కూసో" అని మామయ్యను పిలిచింది. ఆయన రోడ్డుకు ఆ చివర, ఈ చివర చూశారు. ఎవరూ రావడం లేదు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఆమె పక్కన కూర్చున్నారు. ఇద్దరూ కాళ్లు బారజాపుకుని, సీతాఫలం పగలగొట్టుకుని, నల్లటి గింజలు ఎవరివి ఎక్కువ దూరం పోతాయో అని ఉమ్ముతూ, నేనున్నానన్న సంగతే మర్చిపోయి నవ్వుకుంటున్నారు.