మా చెల్లెలి చెవిలో మోత

మా చెల్లెలు దర్జీ. చిన్నప్పుడు జ్వరమొచ్చి వినికిడి సగం పోయినా, ఆస్పత్రి నర్సుల యూనిఫాంలు, బడిపిల్లల చొక్కాలు, ఒకసారి ఏకంగా బ్యాండుమేళం వాళ్ళందరికీ కోట్లు కుట్టిన మనిషి. ఆమెకు కత్తెర పట్టడం నేర్పింది మా అమ్మ. కుట్టుమిషన్‌కు మోటారు బిగించి ఇచ్చింది నేను. పల్లెటూరి బడిలో ఏడో తరగతి వరకే చదివినా, నాలుగు పిండిమరలు నా చేతి మీదుగా తిరిగాయి. ఒక్కదాన్నీ రెండోసారి విప్పాల్సిన పని రాలేదు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

చెల్లెలి చెవి మిషన్‌కు ఫోను కోసమని ఓ మీట ఉంది. అది మారిస్తే గదిలో చప్పుళ్ళు ఆగిపోయి ఫోనులో మాట ఒక్కటే చెవిలో పడుతుంది. ఆర్డర్లన్నీ అలాగే తీసుకునేది. ఆమె కోడలు కొట్లో కొత్తగా అంచులు కుట్టే కరెంటు మిషన్ పెట్టించుకున్నాక, మీట మార్చగానే తుమ్మెదల గుంపు దూరినట్టు ఒకటే మోత. ఇద్దరు పాత ఖాతాదారులు చెప్పిందే చెప్పలేక విసిగి వేరే కొట్టుకు పోయారు. కొడుకు మెల్లగా అన్నాడు, "అమ్మా, ఇకమీదట ఫోనూ, గల్లా దగ్గర కుర్చీ నీ కోడలికి వదిలెయ్. నువ్వు లోపల కత్తిరింపు చూసుకో."

కొట్టు తెరిచిన రోజు నుంచీ ఆ కుర్చీ ఆమెది. అన్నం మానేసి నా దగ్గరికొచ్చింది.

"అన్నయ్యా, నా కోడలు మిషన్ ఆపితే మోత ఆగుతుంది. నాకు ఫోను రాగానే మళ్ళీ మొదలెడుతుంది. అంతా కుర్చీ కోసమే."

నాకూ అలాగే తోచింది. ఆ పిల్ల మాట మెత్తన, నడక మెత్తన. అంత మెత్తగా ఉండేవాళ్ళని నేను ఓ కంట కనిపెడుతూనే ఉంటాను.

వెళ్ళి, "మోటారు నాసిరకం అమ్మాయీ" అన్నాను. ఆమె మొగుడి చేత మిషన్‌ను వెనకగదిలోకి మోయించి, అదే ప్లగ్గు నుంచి పొడుగు తీగ లాగి నడిపించింది. కొట్లో మోత అంతే ఉంది. దాంతో నా అనుమానం పక్కకు తిరిగింది. అటు పక్క ఇస్త్రీ కొట్టు. మన లైన్లోంచి కరెంటు లాగుతున్నాడేమో అని వాడి గోడ వెంట రెండు రోజులు తిరిగాను.

"ఏం పెద్దాయనా, ఏమైనా పారేసుకున్నారా?" అన్నాడు. వాడి మీటరు వాడికి శుభ్రంగా తిరుగుతోంది.

అప్పుడు చెల్లెలే సుద్దముక్క తీసింది. మిషన్ నడుస్తుండగా మీట మార్చుకుని గదంతా తిరుగుతూ, మోత హెచ్చిన చోటల్లా నేల మీద ఇంటూ గుర్తు పెట్టింది. గుర్తులు ప్లగ్గు ఉన్న మూలలో ఆగలేదు. ఎదురుగోడ వారగా సాగి, కొట్టును ఆనుకుని ఉన్న వంటింటి గుమ్మం దాకా పోయాయి.

"ఈ గోడలో మిషన్ తీగ ఉండకూడదే" అన్నాను.

"మరెవరు పెట్టించారు?" అంది, కోడలి వైపు చూస్తూ.

మెయిన్ ఆపి బోర్డులు విప్పాను. మిషన్‌కు వెళ్ళే ఫేజు తీగ కొట్టు బోర్డు నుంచి వచ్చింది. తిరిగొచ్చే న్యూట్రల్ తీగ మాత్రం వంటింటి బోర్డుకు పోయింది. రెండూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని నడిస్తే ఒకదాని మోత ఒకటి అణిచేస్తుంది. విడిపోయి గది చుట్టూ చెరో దారిన తిరిగితే, మధ్యలో ఉన్న చెవి మిషన్ ఆ మోతంతా పట్టేస్తుంది.

కొత్త మిషన్‌కు తీగలు లాగిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను.

"వంటింటి బోర్డు దగ్గరని అక్కడ కలిపానండి. మిషన్ తిరుగుతోంది కదా?"

"తిరుగుతోంది. మా చెల్లెలి బుర్ర కూడా తిరుగుతోంది."

"అలా కలపమని నీకెవరు చెప్పారు?" చెల్లెలు వదల్లేదు.

"ఎవరూ చెప్పలేదమ్మా. గోడ తొలవడానికి బద్ధకించాను."

నేను పక్కనే నిలబడి, రెండు తీగలూ మెలేయించి, ఒకే గొట్టంలో కొట్టు బోర్డుకు తెప్పించాను. కోడలు మిషన్‌ను మళ్ళీ ముందుగదిలోకి తెప్పించి నడిపింది. చెల్లెలు మీట మార్చి గదంతా ఒకసారి తిరిగొచ్చింది. తన కుర్చీలో కూర్చుని ఆస్పత్రి గుమస్తాకు తనే ఫోను చేసింది. కోడలు మర్యాదకు మిషన్ ఆపింది.

"ఆపావెందుకు?" అంది చెల్లెలు. "కుట్టు. నువ్వు ఆపితేనే నాకు అనుమానం."

కోడలు నవ్వు ఆపుకుంటూ కాలితో మిషన్ పెడలు నొక్కింది. చెల్లెలు అవతలివాళ్ళు చెప్పిన కొలతలు ఒక్కొక్కటే పైకి పలుకుతూ రాసుకుంది.