హాజరీలో నిలబెట్టిన మనిషి

మా పెదనాన్న బైరాగి కుర్చీలో తిన్నగా కూర్చోలేడు. ఒక పక్కకి బరువు వేసి, రెండో పక్క మడతపెట్టిన దుప్పటి దూర్చుకుని, గోడకి ఒరిగి ఉంటాడు. ఎడమ కాలు కుడిదానికంటే పొట్టి. పాదం వేలాడిపోతుంది. చూడవచ్చినవాళ్లు "పాపం, లారీ ఎంత పని చేసిందో" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. లారీ చేసింది సగమే. మిగతా సగం మనవాళ్లే చేశారు.

ఆయన ఈ బెంగాలీల ఊళ్లో ఏక్‌బాల్‌పూర్ సందులు ఊడ్చే మునిసిపాలిటీ మనిషి. పెళ్లి కాకముందు చీపురు పట్టాడు, జుట్టు నెరిసేదాకా వదల్లేదు. డ్యూటీ అయ్యాక సబ్బు అరిగేలా స్నానం చేసి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని బజారుకి బయల్దేరేవాడు. ఆ నడక చూసి ఏ ఆఫీసులోనో గుమాస్తా అనుకునేవాళ్లు. అలా అనుకోవాలనే ఆయన సరదా. మా ఆయనది రైల్వే ఉద్యోగం, మేము సంత్రాగాఛి క్వార్టర్స్‌లో ఉంటాం. పెదనాన్న లోకల్ రైలు దిగి, టోటో రిక్షా ఎక్కమన్నా ఎక్కకుండా, చేపల సంచీ ఊపుకుంటూ మా ఇంటికి నడిచొచ్చేవాడు. "ఏటే అరుంధతీ, ఈపాటి దూరానికి బండెందుకు? కాళ్లేటి అరిగిపోతాయా?" అనేవాడు.

వానలు తగ్గాక ఒక పొద్దున ఇటుకల లారీ వెనక్కి వస్తూ ఆయన్ని చెత్తబండితో సహా గోడకి నొక్కేసింది. నడుం కింద ఎముక ముందూ వెనకా విరిగింది. పెద్దాసుపత్రిలో ప్లేట్లు వేసి, స్క్రూలు బిగించారు. ఆపరేషన్ బాగా జరిగింది. ఆ మాట గట్టిగానే చెబుతాను, ఎందుకంటే నేను పుట్టి పెరిగిన మునిసిపాలిటీ గదుల లైన్లో ఇప్పటికీ డాక్టర్లనే తిట్టేవాళ్లున్నారు. మూడు నెలలు ఎడమ కాలు నేలకి ఆనకూడదని ఆ డాక్టరు నా ముందే చెప్పాడు. నేను ఇంటికొచ్చి పెద్దమ్మకీ, కొడుకు హరీష్‌కీ, కోడలు జ్యోతిరాణికీ ఒకటికి పదిసార్లు చెప్పాను. అందరూ బుద్ధిగా తలూపారు.

నెల తిరిగేసరికి కుట్లు ఆరిపోయాయి. మంచం మీద తనంతట తనే పక్కకి తిరుగుతున్నాడు. చేపల పులుసులో ఆవపిండి ఎక్కువైందని పెద్దమ్మతో దెబ్బలాడుతున్నాడు. మళ్లీ మా ఇంటికి నడిచొస్తాడని నాకు నమ్మకం కుదిరింది.

మా లైన్లో ఒక పద్ధతుంది. పర్మినెంటు మనిషి మంచాన పడితే, ఆ ఇంట్లోవాళ్లే ఆయన పేరు మీద చీపురు పట్టుకెళ్తారు. దాన్ని బదిలీ అంటారు. ఉండే గది కూడా ఆ ఉద్యోగంతో ముడిపడిందే. హరీష్ చీపురు ముట్టనని మాల్‌లో సెక్యూరిటీకి వెళ్లాడు. భార్య ముడితే మాత్రం ఆయనగారికి అభ్యంతరం లేదు. జ్యోతిరాణి పొద్దున్నే వెళ్లి మామగారి సందులు ఊడ్చొచ్చేది.

అంతలో హాజరీ తీసుకునే ఆఫీసు బాబు మారాడు. మావాళ్ల మేస్త్రీ పట్టాభికి కంగారు పట్టుకుంది. తాతల నాటి నుంచి వీళ్లకి ఒక నమ్మకం: కొత్త బాబు వస్తే, జబ్బు మనిషి ఒక్కసారైనా వరసలో నిలబడి ముఖం చూపించాలి. లేకపోతే వీడి పని అయిపోయిందని రాసేస్తారట. అలా రాసిన బాబుని ఎవరూ చూడలేదు. అయినా ఆ భయం మాత్రం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేస్తుంది.

"మంచం మీద మనిషిని సూపిస్తే గదీ పోద్ది, పనీ పోద్ది. ఒక్క నిమిషం నిలబడితే సాలు" అన్నాడట పట్టాభి.

నాకు ఒక్కరూ చెప్పలేదు. ఇస్త్రీ చొక్కా తొడిగి, సామాన్లు మోసే వ్యాన్ రిక్షాలో పరుపు వేసి తీసుకెళ్లారు. ఒక చంక కింద హరీష్, ఇంకో చంక కింద పట్టాభి పట్టి వరసలో నిలబెట్టారు. ఆ సాయంత్రం పెద్దమ్మ ఫోన్ చేసి మురిసిపోయింది. "మీ పెదనాన్న తనే లెగిసి నిలబడ్డాడే! కోడలి పని పోకూడదని పళ్లు బిగించీసి నిలబడ్డాడు."

కొత్త బాబు మీసాలు కూడా సరిగా రాని బెంగాలీ కుర్రాడు. చేతిలో వేలిముద్ర మిషను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడట. "పెద్దాయన్ని ఎందుకు దించారు? మెడికల్ లీవు ఉంది కదా! అంతగా అయితే మిషను బండి దగ్గరికే తెచ్చేవాణ్ణి!" అని నెత్తి కొట్టుకున్నాడట. తర్వాత ఈ సంగతి జ్యోతిరాణి చెబితే, నాకు ఏడవాలో ఎవర్నైనా కొట్టాలో తెలియలేదు.

ఆ రాత్రికే నొప్పి మొదలైంది. ఎక్స్‌రేలో వెనక స్క్రూలు ఊడి, ఎముక పైకి జరిగిపోయి కనిపించింది. "నిలబెట్టారా?" అని డాక్టరు అడిగాడు. "బాత్రూంలో జారిపడ్డాడండి" అన్నాడు పట్టాభి, కళ్లు కూడా ఆర్పకుండా. మళ్లీ కోశారు. ఈసారి గాయం మానలేదు, చీము పట్టింది. చీము కడగడానికి ఒకసారి, ప్లేట్లు తీసెయ్యడానికి ఇంకోసారి కోశారు. ఈ గొడవలో కాలి నరం దెబ్బతింది. పెదనాన్న ఆస్పత్రి నుంచి వచ్చేసరికి బజారుకి కాదు, దొడ్డికి వెళ్లాలన్నా ఒకరు ఎత్తాల్సిన మనిషయ్యాడు.

ఇక పనికి పనికిరాడని పెద్ద డాక్టర్లు తేల్చారు. ఆ ఉద్యోగం జ్యోతిరాణికి పర్మినెంటయింది. గది నిలిచింది. దాంతో మా లైన్లో కొత్త కథ తయారైంది. బైరాగి దేవుడట. కోడలి కోసం కాలు ధారపోశాడట. ఆయన నిలబడకపోతే ఇదంతా జరిగేదా అని పట్టాభి అందరితో అనేవాడు. నిజమే మరి, జరిగేది కాదు.

పోయిన ఆదివారం లైను మధ్యలో షామియానా వేసి సన్మానం పెట్టారు. పెదనాన్నని కుర్చీతో సహా మోసుకొచ్చి, మెడలో బంతిపూల దండ వేశారు. పట్టాభి మైకులో త్యాగం గురించి గొంతు పోయేలా మాట్లాడి, చివర్లో ఆ మైకు ఆయన నోటి దగ్గర పెట్టాడు.

పెదనాన్న ఆ మైకుని చేత్తో పట్టుకున్నాడు.

"త్యాగం నేదు, గీగం నేదు" అన్నాడు. "నాను వొద్దన్నాను. వొద్దురా, డాకటరు తిడతాడని ఇంటికాడ సెప్పినాను. బండిలో మల్లీ సెప్పినాను. కాలు కింద పెడితే లోపల ఏటో ఇరిగింది, కేకేసినాను. మీరు హాజిర్, హాజిర్ అని అరిసి నా కేక ఇనపడకుండా సేసీసినారు. నన్ను అడిగి ఎత్తినారేటిరా?"

పట్టాభి నవ్వు తెచ్చుకుని, "పాపం, నొప్పి మీద ఏదో అంతన్నాడు" అంటూ మైకు లాక్కుని రసగుల్లాలు పంచమన్నాడు. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. హరీష్ తల వంచుకుని వచ్చి, "నాన్నా, ఇంటికెల్దాం" అంటూ చంక కింద చెయ్యి పెట్టబోయాడు.

"ముట్టుకోకురా నన్ను" అన్నాడు పెదనాన్న. నేను వెళ్లినా అదే మాట. జ్యోతిరాణి ఏడుస్తూ వెళ్లినా అదే మాట.

జనం సర్దుకున్నారు. కుర్చీలు మడిచారు, షామియానా విప్పారు. ఎండ నేరుగా మొహం మీద పడుతున్నా దండతో అలాగే కూర్చున్నాడు. గోడ కూడా లేదు ఒరగడానికి, రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు. కొంతసేపటికి ఒక పక్కకి జారసాగాడు. మాలో ఎవరికీ దగ్గరికి వెళ్లే ధైర్యం లేదు.

చివరికి ఎవరి మొహం వైపూ చూడకుండా పిలిచాడు.

"ఒరే హరీషూ. ఉచ్చొస్తంది. రా, ఎత్తు."