గుడ్డలు కుక్కిన బంతితో రిగ్గై నుంచి తిరుపతికి

ఉదయం ఆరు గంటలకు కువైట్ సిటీ పక్కన రిగ్గైలో మా వీధి చివర బస్సెక్కాం, నేనూ మా అమ్మాయి సుజాతా. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి నెల దాటింది. అందరిదీ ప్రాణభయమే. మాకు ఇంకో తొందర కూడా ఉంది. కిందటి సెలవుల్లో తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు సుజాత బాస్కెట్‌బాల్ ఆట చూసి, క్రీడల కోటాలో సీటిస్తామన్నారు. పెద్ద పేరున్న కాలేజీ కాదు. చదువూ హాస్టలూ మాత్రం ఉచితం. నెలాఖరులోగా చేరకపోతే ఆ చోటు ఇంకొకరిది. వస్తున్నామని చెబుదామంటే ఫోన్లు లేవు.

ఆట బడిలో నేర్చినా, దాని చేయి కుదిరింది అల్ రాయ్‌లో, మా ఆయన పనిచేసే కార్ల షెడ్డులో. పాత కారు చక్రం నడుమ కోసేసి, స్తంభానికి వెల్డింగ్ చేసి రింగు కట్టారాయన. అసలు రింగు కంటే అది ఇరుకని తర్వాత తెలిసింది. మారుస్తానంటే సుజాత ఒప్పుకోలేదు.

ఆయన మాతో రాలేదు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన కువైటీ యజమాని దగ్గరుంది, ఆ కఫీల్ సౌదీకి వెళ్లిపోయాడు. “నేను యెనకాల వస్తాలేమే. పాప సీటు పోగొట్టాకు. యల్లా, ఎక్కండి,” అన్నారు. ఆయన షెడ్డు చొక్కా ఒకటి, ఉతకనిది, సంచిలో పెట్టుకున్నాను.

బస్సులో నా పక్కన కోనసీమ సత్యవతక్క కూర్చుంది. ఒక కువైటీ ఇంట్లో వంట చేసేది. సుజాత ఒళ్లో బంతి చూసి నవ్వింది.

“అందరూ బంగారం మూటగట్టుకుంటే మీ పిల్లేటమ్మా, బంతట్టుకొచ్చింది?”

“మాకుండే బంగారం అదేక్కా.”

బస్రా దాటాక తనిఖీలో ఒక సైనికుడూ అలాగే అనుకున్నాడు. ఆడవాళ్లు దిండ్లలో, పచ్చడి సీసాల్లో నగలు దాచడం వాళ్లకు తెలుసు. కత్తితో బంతి కోసి, లోపల వెతికి, ఏమీ లేక “ఖలాస్” అంటూ తిరిగిచ్చాడు. పిల్ల ఏడవలేదు. అదే నన్ను భయపెట్టింది.

బాగ్దాద్ మీదుగా మర్నాటి సాయంత్రానికి జోర్డాన్ సరిహద్దు చేరాం. మా వెనక వచ్చేవాళ్లు ఖుబూస్ రొట్టెలు, ఖర్జూరం, నీళ్లు అక్కడిదాకా సరిపడా ఉంచుకోవాలి. దారిలో దొరకవు. ఎడారిలో గుడారం, నీళ్లకు వరస, వారం పైగా ఎదురుచూపు. సూదీ దారం నాతో ఎప్పుడూ ఉంటాయి. బంతిలో దుప్పటి ముక్కలు కుక్కాను, చాలలేదు. ఆయన చొక్కా కూడా పెట్టి కుట్టేశాను.

అది నేలకేసి కొడితే లేవదు. విసరడానికి మాత్రం పనికొస్తుంది. సత్యవతక్క బోర్లించిన డబ్బా మీదెక్కి, చేతులు గుండ్రంగా చుట్టి పట్టుకుంది. “ఏయమ్మా, ఏయి! ముక్కు మీద ఏత్తే మాత్రం ఊరుకోను!”

“కదలాకు పెద్దమ్మా! మా నాయన రింగు గూడా ఇంతే ఇరుగ్గా ఉంటాది!” చాలా రోజులకు సుజాత నవ్వింది.

అమ్మాన్ నుంచి బొంబాయికి విమానంలో ఎవరూ టికెట్టు అడగలేదు. ఆ మేలు మరువను. బొంబాయిలో సత్యవతక్క పిల్ల నుదుటిపై ముద్దుపెట్టి తన రైలుకు వెళ్లిపోయింది. మేము మద్రాసు మెయిలెక్కాం. మా రాజంపేట స్టేషను వచ్చినా దిగలేదు. రేణిగుంటలో దిగి, బస్సులో పదకొండింటికి కాలేజీ చేరాం. గడువు దాటి మూడు రోజులైంది.

నేను చదువుకున్నది ఇంట్లో, మా అమ్మ దగ్గర. కాలేజీ గేటు దాటడం అదే మొదలు. లోలోపల గోవిందా అనుకుంటూ నిలబడ్డాను. ఆటల మేడమ్ బంతిని తడిమి చూసింది.

“ఇదేంది తల్లీ, దిండా?”

మా సంగతంతా విని పేర్ల రిజిస్టరు తెరిచింది. “నీ పేరు కొట్టేయమని ప్రిన్సిపాల్ తిడతాండాడు. నాకే చేతులు రాలేదు. ఇన్నాళ్లు ఆట లేకుండా చేయి ఎట్లుందో సూపీ.”

నిజమైన బంతి నేలను తాకి ఎగరగానే సుజాత చేతిలోంచి జారిపోయింది. రెండోసారి రింగు అంచుకు తగిలింది. నేను కళ్లు మూసుకున్నాను. ఆ తర్వాత వల చప్పుడు. మళ్లీ అదే చప్పుడు. మళ్లీ.

“రింగు చానా పెద్దగ కనపడతాంది మేడమ్,” అంది సుజాత.

“సాయంత్రం గ్రౌండుకు రా.”

మధ్యాహ్నం మూడు గంటల బస్సులో రాజంపేటకు ఒక్కదాన్నే బయలుదేరాను. దారిపొడవునా మాకు నీళ్లిచ్చిన, చోటిచ్చిన వాళ్లను ఒక్కొక్కరినే తలచుకుని దండం పెట్టుకున్నాను. పిల్లకిప్పుడు ఎగిరే బంతి ఉంది, పాతది నాకిచ్చేసింది. కుట్ల దగ్గర ముక్కు పెడితే ఇంకా గ్రీజు వాసన.

“ఏందిమ్మా అది? యిప్పి సూపీ,” అంది పక్క సీటావిడ.

“మా ఆయన రావాల. ఆయన వచ్చినాకే యిప్పేది,” అని ఒడిలోకి ఇంకాస్త దగ్గరగా లాక్కున్నాను.