నాలుగో రోజు కడిగిన కారు

ఆరేళ్లుగా నేను మోస్తున్నది ఒక మెసేజ్. మూడు వాక్యాలు. ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌లోని మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో కొత్త కారుకు రంగు చెడకుండా పైన పూసే సిరామిక్ కోటింగ్ ఎవరి దగ్గర వేయించాలని ఎవరైనా అడిగితే, ఇప్పటికీ దాన్నే వెతికి పెడతారు. పోయిన వారం కూడా పెట్టారు. అందుకే ఇది రాసి ఉంచాలి. నోటితో చెప్పలేను. ప్రయత్నించి చూశాను.

నేను పెద్ద చదువులు చదవలేదు. తెలిసిందంతా మా పేట మాసన్ లేక్స్ లైబ్రరీలో కూర్చుని సంపాదించుకున్నదే. కారు, కరెంటు, ట్యాక్సు, దేని గురించైనా జనం నన్నడిగేవారు. అలా అడిగించుకోవడం నాకెంత ఇష్టమో అప్పట్లో నాకే తెలియదు.

ఆరేళ్ల కిందట, ఇక్కడి జూలై చలికాలంలో పక్కింటి ప్రసాద్ తన కొత్త కారుకు యాదగిరి చేత కోటింగ్ వేయించాడు. యాదగిరిది కరీంనగర్. ఫ్యాక్టరీ ఉద్యోగం మానేసి, ఇంటి గరాజ్‌లో ఈ పని మొదలుపెట్టి నాలుగు నెలలు. పూత గట్టిపడాలి, వారం దాకా సబ్బు తగలనివ్వొద్దని చెప్పి పంపాడు. నాలుగో రోజు ప్రసాద్ పిల్లల్ని ఎక్కించుకుని సముద్రపు ఇసుక మీదికి కారు తీసుకెళ్లాడు. ఈదురుగాలి. తిరిగొచ్చేసరికి కారు ఒంటినిండా ఉప్పు చారలు. ఏం చేయాలని నన్నడిగాడు.

అప్పుడే లైబ్రరీ పుస్తకం ఒకటి చదువుతున్నాను. మంచు కురిసే దేశాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారట, అది కారును తినేస్తుందట, వెంటనే ఘాటైన సబ్బుతో కడగాలట. ఉప్పు ఎక్కడైనా ఉప్పే కదా అన్నాను. ప్రసాద్ యాదగిరి మాట గుర్తుచేస్తే, అది మామూలు దుమ్ముకు చెప్పింది అన్నాను. బకెట్ నేనే పట్టాను. బ్రష్‌తో నేనే రుద్దాను.

ఆ సాయంత్రం తర్వాతి పేజీ తిప్పాను. కొత్తగా కోటింగ్ వేసిన కారుకు ఇది వర్తించదని, మొదటి వారం వట్టి నీళ్లు పోసి వదిలేయాలని ఉంది. మళ్లీ చదివాను. పుస్తకం మూసేశాను.

రెండు వారాలకు బానెట్ మీద మచ్చలు తేలాయి. మనం కడిగినందుకేమో అన్నాడు ప్రసాద్. కాదన్నాను. అతను ఫోటోలు గ్రూపులో పెట్టాడు. కడగడం వల్లనా అని ఎవరో నా అభిప్రాయం అడిగారు. రాశాను: "ఫోటోలు చూశాను. కడిగితే ఇలా కాదు. వేయడంలోనే లోపం."

మర్నాడు యాదగిరి మా గుమ్మంలోకి వచ్చాడు.

"అన్నా, నువ్వు మస్తు సదువుతవ్ గదా. వారంలోపల సబ్బు పెడ్తే ఖరాబైతదని యాడన్న రాసుందా? ఉంటే గ్రూపుల ఒక్క మాట పెట్టు. పొద్దుగాల్నే రెండు బుకింగ్స్ క్యాన్సిల్ చేసిన్రు."

"నేనెక్కడా చదవలేదు యాదగిరీ."

"గట్లనా." వెనక్కి తిరిగాడు. "నువ్వే సదవలేదంటే, ఇగ నేనే ఏదో గల్తీ చేసిన కావొచ్చు."

అబద్ధమాడినందుకు కాదు, అతను దాన్ని నమ్మి తన చేతుల్నే అనుమానించుకుంటూ వెళ్లిపోయినందుకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాను. దసరా లోపే గరాజ్ పని ఆపేశాడు. ఇప్పుడు ఏదో గోడౌన్‌లో పెట్టెలు సర్దుతున్నాడట. ఎందుకలా చేశాను? భయమా? ఎవరేం చేస్తారు నన్ను? ఒక పేజీ ముందే ఆగిపోయానని ఒప్పుకుంటే, ఇక నన్నెవరూ ఏమీ అడగరని. అంతే. అంత చిన్నదానికి.

ఆ పుస్తకాన్ని మళ్లీ తెప్పించి, ఎందుకని అడగకుండా చేతిలో పెట్టిన లైబ్రేరియన్ హెలెన్‌కు కృతజ్ఞతలు. ఇదంతా విని, "ఇది గ్రూపుకూ పంపండి" అన్న మా ఆవిడ సుజాతకు. నిన్న చెబితే ఫోన్ పెట్టేసి, పొద్దున తనే చేసి తన పేరు కూడా రాయమన్న ప్రసాద్‌కు.

యాదగిరి పేరు ఈ వరుసలో చేర్చే అర్హత నాకు లేదు. అతని పనిలో ఏ లోపమూ లేదు. పాడుచేసింది నేను.