రాస్క్ పేరుకు పలికిన గొంతు

దయ్యాల కథలు నేను చాలా చెప్పాను. తెనాలిలో సినిమా హాలు వెనక సందులో నడిచే మొండెం, పార్సిప్పనీ అపార్ట్‌మెంట్ల లాండ్రీ రూంలో అందరి బట్టలూ మడతపెట్టి మాయమయ్యే ముసలమ్మ, అన్నీ నా సృష్టే. కల్పించింది నేనే కాబట్టి, దయ్యాలు లేవని నాకు తెలిసినంత గట్టిగా ఇంకెవరికీ తెలియదు.

నా పేరు సత్యనారాయణ. "పేరులో ఉన్న సత్యం నోట్లోకి దిగలేదు" అంటుంది మా ఆవిడ వాణి. అందుకే నమ్మమని బతిమాలను. జరిగింది మాత్రం రాస్తాను.

2006లో ప్రాజెక్టు మారి న్యూజెర్సీ నుంచి మిన్నెసోటాలో ఒక చిన్న ఊరికి వచ్చాం. ఆ చుట్టుపక్కల సగం మంది స్వీడన్ నుంచి వచ్చినవాళ్ళ మునిమనవలే. మా పక్కింట్లో ఎరిక్, మార్గరెట్ అనే పెద్దవాళ్ళు ఉండేవారు. మొదటి చలికాలం, మంచు ఎత్తడం చేతకాక నేను పార పట్టుకుని డ్రైవ్‌వేలో బొమ్మలా నిలబడితే, ఎరిక్ తన మెషిన్ తోసుకుంటూ వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా మా వాకిలంతా శుభ్రం చేసి వెళ్ళాడు. ఆ ఏడాది మంచు పడినప్పుడల్లా అంతే.

వాళ్ళకి ఒక్కడే కొడుకు, పీటర్. సైన్యంలో చేరి ఇరాక్ వెళ్ళాడు. మేము ఆ ఊరు రావడానికి ముందు ఏడే అక్కడ చనిపోయాడు. అతన్ని నేను చూడలేదు. అతని గొంతు ఎప్పుడూ వినలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఎరిక్ ఇంటిపేరు రాస్క్. ఆ పేరు ఎలా వచ్చిందో గరాజ్‌లో కూర్చుని నాకు చాలాసార్లు చెప్పాడు. బదులుగా నేను మా తాతగారు పెరట్లో పెంచిన పులి కథ చెప్పేవాణ్ణి. పులి ప్రతిసారీ కొంచెం పెరిగేది. ఎరిక్ ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.

వాళ్ళ పూర్వీకులు స్వీడన్‌లో ఒక జిల్లా తరఫున పోరాడే కాల్బలం రెజిమెంట్‌లో సిపాయిలు. అక్కడ కొన్ని రైతు కుటుంబాలు కలిసి ఒక సిపాయిని పోషించాలి. అతనికో చిన్న ఇల్లు, కాస్త నేల, ఒక కోటు ఇస్తారు. మన ఊళ్ళలో తలారికిచ్చే మాన్యం లాంటిదే. ఊరినిండా ఒకే పేరువాళ్ళు ఉండడంతో సైన్యం ప్రతివాడికీ ఓ పొట్టి పేరు తగిలించేది. ఒకడు ఉక్కు, ఒకడు కత్తి. రాస్క్ అంటే చురుకైనవాడు.

ఆ పేరు మనిషిది కాదు, ఆ ఇంటిది. సిపాయి చనిపోతే పెళ్ళాం పిల్లల్ని తీసుకుని ఇల్లు ఖాళీ చేయాలి. కొత్తగా వచ్చినవాడు ఆ ఇంట్లో దిగి, ఆ పేరే పెట్టుకుంటాడు. ఒకసారి ఆ రెజిమెంట్ కొండలు దాటి తిరిగొస్తూ మంచుతుఫానులో చిక్కుకుందట. చాలామంది నిలబడ్డచోటే గడ్డకట్టిపోయారట. తర్వాత కొత్తవాళ్ళతో వరస కట్టి పేర్లు పిలిస్తే, అవే పేర్లకి మళ్ళీ అన్నిటికీ జవాబు వచ్చిందట. పలికినవాళ్ళు మాత్రం వేరు.

ఈ ముక్క చెప్పేటప్పుడు ఎరిక్ గొంతులో గర్వం ఉండేది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి మార్గరెట్ వచ్చి గరాజ్ తలుపు మూసేసేది.

ప్రతి జూన్‌లో సరస్సు పక్క పార్కులో వాళ్ళ క్లబ్బు పండగ చేస్తుంది. పూలు కట్టిన స్తంభం, చేపలు, బంగాళాదుంపలు. ఆఖర్న, నీలం కోట్లు తొడుక్కున్న మగవాళ్ళు వరసగా నిలబడతారు. కెప్టెన్ వేషంలో ఉన్న మా ఊరి పళ్ళ డాక్టరు ఆ రెజిమెంట్ పేర్లు పిలుస్తాడు. ఒక్కొక్కడూ "హేర్" అనాలి. ఉన్నాను అని.

రాస్క్ స్థానం మొదటినుంచీ వాళ్ళ కుటుంబానిదే. ఎరిక్‌కి మోకాళ్ళు పోయాక పీటర్ నిలబడేవాడు. పీటర్ పోయాక అక్కడ ఖాళీ వదిలేశారు. పేరు పిలుస్తారు, ఎవరూ పలకరు, వరస ముగుస్తుంది. 2008లో ఇక ఆ పేరు తీసేద్దామని క్లబ్బులో మాట వచ్చింది.

ఎరిక్ ఆ నీలం కోటు చేత్తో పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"సత్యా, నువ్వు నిలబడు."

పోయినవాడి కోటు. తప్పించుకోవడానికి నాకు చేతనైన పనే చేశాను. మా వంశంలో ఒకరి కోటు ఇంకొకరు తొడగకూడదనీ, మా ముత్తాత ఒకసారి జమీందారు కోటు తొడిగి మాట పడిపోయి మంచం పట్టాడనీ చెప్పాను.

"ఇది కూడా పులి కథేనా?" అన్నాడు ఎరిక్.

"కొంచెం."

"పులి కథే బాగుంది" అని కోటు నా చేతిలో పెట్టాడు. నా వాకిట్లో అతను తీసిన మంచంతా కళ్ళముందు కదిలింది. కాదనలేకపోయాను.

మర్నాడు మార్గరెట్ కంచె దగ్గరికి వచ్చింది. టమాటా మొక్కలకి పాదులు చేస్తున్నట్టుంది, గ్లవుజుల నిండా మట్టి.

"ఎరిక్ కోసం నిలబడు, వద్దనను. కానీ ఆ పేరుకి పలకొద్దు" అంది. "ఆ రెజిమెంట్ కథలో అందరూ సిపాయిల గురించే చెబుతారు. ఇల్లు ఖాళీ చేసి పోయిన ఆడవాళ్ళు ఏమయ్యారో ఎవరూ చెప్పరు. నా కొడుకు పేరు పిలిస్తే ఇంకొకడు ఉన్నానంటే, నేనూ ఇల్లు ఖాళీ చేసినట్టే."

"పలకనండీ."

"నోరు మూసుకోవడం వచ్చా నీకు?" వేళాకోళంగానే అడిగింది గానీ, నా జవాబు కోసం అక్కడే నిలబడింది.

"ఆ ఒక్క రోజుకి నేర్చుకుంటాను" అన్నాను. అలా ఇద్దరికీ మాటిచ్చాను. ఆయన కోసం నిలబడాలి, ఆవిడ కోసం పలకకూడదు.

పండగ రోజు మిట్టమధ్యాహ్నం ఎండ మాడుస్తోంది. ఉన్ని కోటు, పసుపు అంచులు, మూడు మూలల టోపీ. "పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడిలా ఉన్నారండీ" అంది వాణి. వరంగల్ నుంచి వచ్చిన నా కొలీగ్ రాజు, "అన్నా, బరాత్ ఎక్కడ? మమ్మల్ని పిలువనే లేదు" అన్నాడు. నేనూ నవ్వాను. అప్పుడే, రానని చెప్పిన మార్గరెట్ దూరంగా చెట్టు నీడలో నిలబడి ఉండడం చూశాను. ఎరిక్ ముందు వరసలో మడతకుర్చీలో కూర్చున్నాడు.

నా స్థానం వరసలో చిట్టచివర. కుడిపక్క హైస్కూల్లో లెక్కలు చెప్పే ఓ పొడుగాటి మనిషి. ఎడమపక్క ఎవరూ లేరు. గడ్డి, దాని తర్వాత నీళ్ళు. మైకు లేదు.

పేర్లు ఒక్కొక్కటే పిలుస్తూ వచ్చాడు. నా వంతు దగ్గరపడేకొద్దీ పళ్ళు బిగించాను.

కెప్టెన్ "రా" అన్నాడో లేదో, పేరు పూర్తికాకముందే, "హేర్" అని వినిపించింది.

కుర్రగొంతు. కాస్త బొంగురు. చివర్లో నవ్వు ఆపుకుంటున్నట్టుంది. పక్కనుంచి రాలేదు, వెనకనుంచి రాలేదు. నా ఛాతీ దగ్గర, కోటుకీ నాకూ మధ్య ఇంకొకరు ఇరుక్కుని నిలబడి పలికినట్టు వచ్చింది. నా పళ్ళు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. దవడ నొప్పి కూడా తెలుస్తోంది.

కెప్టెన్ కాగితంలోంచి తలెత్తి నావైపు చూశాడు. ఎరిక్ టోపీ మోకాలి మీద పెట్టుకుని ఏడుస్తున్నాడు.

వరస చెదిరాక మార్గరెట్ గడ్డి మీదుగా నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"మాటిచ్చావు" అంది.

"నేను పలకలేదండీ."

ఎన్నో అబద్ధాలు తడబడకుండా చెప్పినవాణ్ణి, ఆ ఒక్క నిజం దగ్గర తడబడ్డాను.

"అయితే ఇప్పుడు అను."

అన్నాను. నా తెనాలి నాలుక మీద అది "హేరు" అయి కూర్చుంది. ఆవిడ తన చెయ్యి కోటు మీద, నా ఛాతీ దగ్గర ఆనించింది. "మళ్ళీ." ఈసారి నాకొచ్చిన మిమిక్రీ అంతా పెట్టి, కుర్రగొంతు తెచ్చుకుని అన్నాను. తల వంచి విన్నది.

"కాదు" అంది మెల్లగా. "నువ్వు కాదు."

చెయ్యి మాత్రం తీయలేదు. నేను కదల్లేదు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. ఆవిడ పట్టుకున్నది నన్ను కాదని నాకు తెలుస్తూనే ఉంది.

కారులో ఇంటికి వస్తుంటే ఎరిక్ అన్నాడు: "పేరు పూర్తికాకముందే పలికావు. పీటరూ అంతే, కెప్టెన్ ఎప్పుడూ తిట్టేవాడు. నీకెవరు చెప్పారు?" నేను కోటు పై గుండీ విప్పాను. "చూశావా, కోటు తొడిగితే మాట పడిపోలేదు" అని నవ్వాడు. నిజానికి ఆ ఒక్కసారే నాకు మాట పడిపోయింది. అతనితో అనలేదు. రెండు చలికాలాల తర్వాత, తన కోసం నేనే పలికానన్న నమ్మకంతోనే ఎరిక్ కన్నుమూశాడు.

లెక్కల మాస్టారు ఆ గొంతు నా దగ్గరనుంచే వచ్చిందంటాడు. నిజమే, నా దగ్గరనుంచే వచ్చింది. రాజు ఒట్టేసినా నమ్మడు. "నీ మిమిక్రీ మాకు తెల్వదా అన్నా?" అంటాడు. వాణి నా పెదవులు కదల్లేదని ఒప్పుకుంటుంది గానీ, పిల్లల పుట్టినరోజులకి నేను బొమ్మ పట్టుకుని పెదవులు కదపకుండా మాట్లాడే సంగతి వెంటనే గుర్తుచేస్తుంది. వాళ్ళని తప్పుపట్టను. నాలాంటివాడు చెబితే నేనూ నమ్మను.

ఆ కోటు నేను మళ్ళీ తొడగలేదు. కానీ ప్రతి జూన్‌లో మార్గరెట్ కంచె దగ్గరికి వచ్చి, "ఒకసారి అను" అనేది. చేతనైనంత బాగా అనేవాణ్ణి. "కాదు" అని తేలికపడి లోపలికి వెళ్ళేది. నా మిమిక్రీ ఓడిపోయినందుకు నేను సంతోషించింది అక్కడే.

2014లో ఆవిడకి ఒంట్లో బాగోక ఆ ఇల్లు నిజంగానే ఖాళీ చేయాల్సి వచ్చింది. సామానంతా ముందే వెళ్ళిపోయింది. కోటు మాత్రం ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చుంది. అద్దం దించి నావైపు చూసింది. అడక్కుండానే అన్నాను. చివరిసారి కదా, ప్రాణం పెట్టి అన్నాను.

ఆవిడ కోటు మీద చెయ్యి ఆనించి, "కాదు" అంది. అద్దం పైకెత్తేసింది.

ఆ రోజు పలికిందెవరో ఆవిడకి తెలుసు. ఎలా పలికాడో ఆవిడా చెప్పలేదు, నాకూ ఈ రోజుకీ అంతుపట్టలేదు.