కాగితం మీది అరవై నాలుగడుగులు

1985 శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లలో మా పేట కట్టి తెచ్చిన వెదురు ప్రభ ఎత్తు తొంభై అడుగులని మైకులో మూడుసార్లు ప్రకటించారు. పొద్దున ఎనిమిది గంటల ఎండలో నేను ఆరడుగుల కర్ర నాటి, దాని నీడనూ ప్రభ నీడనూ టేపుతో కొలిచి లెక్క వేశాను. అరవై ఎనిమిదిన్నర వచ్చింది. ఆ సంగతి కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం చేసి, ప్రభ కమిటీ పెద్దకు అందజేశాను. ఆయన మా వీధి చివర కిరాణా కొట్టు శెట్టిగారు. చదివి, మడిచి, జేబులో పెట్టుకొని, "అన్నయ్యగారూ, దేవుడి దగ్గర కూడా టేపు తీస్తారా?" అన్నారు. ఆనాటి నుంచి ఏడాది పాటు ఆయన కొట్లో నాకు కందిపప్పు తూచిన ప్రతిసారీ త్రాసు నా ముక్కు దాకా ఎత్తి, "ముల్లు సరిగా ఉందో లేదో చూసుకోండి, మళ్లీ రాసిస్తారు" అనేవారు. కొట్లో ఉన్నవాళ్లందరూ చూసేవారు.

తరువాతి సంవత్సరం నా కొలతకు పట్టిన గతి అర్థం కావాలంటే ఈ సంగతి ముందుగా తెలియాలి.

ముప్పై ఒక్క సంవత్సరాలు ఇరిగేషన్ ఆఫీసుల్లో డ్రాఫ్ట్స్‌మన్‌గా కాలువల పటాలు గీసి, 1983లో నరసరావుపేటలో రిటైరయ్యాను. మనిషి చెప్పేది మర్యాదగా వినాలి, కాగితం చెప్పేది నమ్మాలి అన్న నియమం ఒక్కటే ఆ ఉద్యోగం నాకిచ్చిన ఆస్తి. నేను రిటైరైన సంవత్సరమే గురజాలకూ మాచర్లకూ మధ్య ఉన్న ఒక చిన్న రైల్వే స్టేషన్ను మూసివేశారు. ఎక్కేవారు చాలడం లేదన్నారు. మూసిన నాలుగు నెలలకు తలుపులు పోయాయి, ఆరు నెలలకు కిటికీలు పోయాయి, ఏడాది తిరిగేసరికి పెంకులు పోయాయి. మాచర్ల బస్సులో పోయినప్పుడల్లా చూసి, తేదీలతో నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ స్టేషన్ మీద నాకు మమకారం ఉండేదని చెప్పలేను. ఒక కట్టడం ఏ లెక్కా లేకుండా మాయమైపోవడం మాత్రం నాకు నచ్చలేదు.

1985 జూన్‌లో పాత కాగితాల కొట్లో, పొట్లాలు కట్టడానికి పోబోతున్న కట్టలో, ఆ స్టేషన్ అసలు ప్లాను దొరికింది. నీలం కాగితం మీద తెల్లని గీతలు, కింద ముద్ర, మూడు సంతకాలు. ప్లాట్‌ఫారం పొడవు 384 అడుగులు. మీటరు గేజి పెట్టె పొడవు అరవై నాలుగడుగుల చొప్పున ఆరు పెట్టెలకు సరిగ్గా సరిపోతుంది. ఆ లైనులో పాసింజరు బండికి ఉండేవి కూడా ఆరు పెట్టెలే. ఇంత చక్కగా సరిపోయిన లెక్కను నేను ఉద్యోగంలో కూడా అరుదుగా చూశాను. ఆ రోజే నమూనా తయారు చేయాలని నిశ్చయించుకున్నాను.

స్కేలు ఎనిమిది అడుగులకు ఒక అంగుళం. అంటే ప్లాట్‌ఫారం నాలుగడుగులు. ఆరడుగుల ప్లైవుడ్ చెక్క మీద దాన్ని నిలిపాను. ప్లాట్‌ఫారం అంచుకు మాచర్ల నాపరాయి ముక్కలు అరగదీసి అతికించాను. గోడలకు పిడుగురాళ్ల సున్నం. పట్టాల కింద కంకరకు రాతిపొడిని కాఫీ వడగట్టే జల్లెడతో జల్లించవలసి వచ్చింది. మా ఆవిడ ఆ జల్లెడ కోసం రెండు రోజులు వెతికి, మూడోనాడు నా బల్ల మీద చూసింది.

"ఆ టేషన్లో ఏనాడూ ఒక కప్పు కాఫీ దొరికిన పాపాన పోలేదు గాని, నా జల్లెడ మాత్రం అక్కడికి చేరింది," అంది. తరువాత నమూనాను కాసేపు చూసింది. ఆమె పుట్టిల్లు ఆ స్టేషనుకు రెండు మైళ్లు. "ఏమండీ, ఆడవాళ్ల పెట్టె ఆగేచోట ప్లాట్‌ఫారం ఎక్కడిది? నేను కుచ్చెళ్లు పట్టుకొని కంకర మీదికే దూకేదాన్ని."

"ఆడవాళ్ల పెట్టె ఎక్కడ ఉండేది?"

"చివర్న."

"అయితే ప్లాట్‌ఫారం మీదే ఆగేది," అని ప్లాను చూపించాను. ఆమె ప్లాను వైపు చూడకుండా వంటింట్లోకి పోయింది. ఆమె మాటను కూడా నోటుబుక్కులో రాశాను. ఎదురుగా "మౌఖికం, ఆధారం లేదు" అని రాసి గీత గీశాను.

1986 ఫిబ్రవరి 7, 8, 9 తేదీల్లో గురజాలలో ఒక హైస్కూలు హాల్లో విజ్ఞాన ప్రదర్శన పెట్టారు. నిర్వాహక కమిటీలో శెట్టిగారు కూడా ఉన్నారు. ఆయన లేని కమిటీ మా ప్రాంతంలో లేదు. నా బల్లకు ఎడమపక్క నిప్పులు కక్కే అగ్నిపర్వతం, కుడిపక్క పత్తి పురుగుల సీసాలు. నా బల్ల మీద నేనే స్వహస్తాలతో రాసిన పలక పెట్టాను: "ఈ నమూనా అసలు ప్లాను ప్రకారం తయారైనది. ఇందులో ఒక్క అంగుళం తేడా చూపినవారి ఎదుటనే దీనిని తొలగించెదను."

శెట్టిగారు పలకను రెండుసార్లు చదివారు. ముఖం వికసించింది.

మొదటి రోజు వచ్చినవారిలో ఎక్కువమంది అడిగింది ఒక్కటే, రైలు ఏదని. మూతపడిన స్టేషన్లో రైలు ఉండదని ప్రతివారికీ చెప్పాను. "రైలు లేదు, పాసింజర్లు లేరు, ఇంక మేం చూడాల్సింది ఏంది, మీ స్కేలునా?" అని ఒక రైతు అడిగాడు. అవునన్నాను. అతను అగ్నిపర్వతం వైపు పోయాడు. ఆ పర్వతం ఆ రోజు పద్నాలుగుసార్లు పేలింది. ప్రతిసారీ చప్పట్లు కొట్టారు. పల్నాడులో ఏనాడూ లేని పర్వతానికి అంత గౌరవం దక్కింది. మొన్నటిదాకా ఉన్న స్టేషన్ను నిలబడి చూసినవాళ్లు మాత్రం తొమ్మిది మంది.

రెండో రోజు మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చాడు. తెల్లటి గడ్డం, తల మీద టోపీ, నీలం రంగు వెలిసిన రైల్వే కోటు. ఆ స్టేషన్లో ఇరవై ఆరేళ్లు పోర్టరుగా పనిచేశానని చెప్పాడు. నేను కుర్చీ వేశాను. కూర్చోలేదు. వంగి, వేలితో తాకకుండా, ఒక్కొక్కటే చూపిస్తూ పోయాడు.

"ఇది టికెట్ల కిటికీ. ఇది దీపాల గది. కుండ పెట్టే అరుగు. బాగా పెట్టారు సార్. చానా బాగా పెట్టారు." చివరికి ప్లాట్‌ఫారం కొస దగ్గరికి వచ్చి ఆగాడు. "ఈ కొస ఎవురు కట్టారు సార్?"

"నేనే."

"కాదు. టేషన్లో ఈ కొస ఎవురు కట్టారని. నేనున్నప్పుడు లేదు. అయిదు పెట్టెలకే సరిపోయేది. ఆరోది కంకర మీదే నిలబడేది."

నేను ప్లాను విప్పి 384 అంకె మీద వేలు పెట్టాను. ఆయన దాన్ని చూసి నవ్వాడు. ఆ నవ్వులో నా పట్ల కోపం ఏమీ లేదు.

"ఈ కాగితమే సార్. ఆనాడు ఆఫీసరుగారు కూడా ఇదే చూపించాడు."

జరిగింది ఇదీ. పన్నెండేళ్ల కిందట, పత్తి తీతకు పోయి వస్తున్న ఒక ఆమె చివరి పెట్టెలోంచి కంకర మీదికి దూకి కాలు విరగ్గొట్టుకుంది. ఆమెది ఈయన ఊరే, ఈయన వీధే. కాలు అతికింది గాని వంకరగా అతికింది. విచారణకు ఒక ఆఫీసరు వచ్చాడు. స్టేషను మాస్టరు గదిలో ఫ్యాను కింద కూర్చొని, స్టేషను ప్లాను తెప్పించి చూశాడు. ప్లాట్‌ఫారం ఆరు పెట్టెలకు చాలును గనుక, ఆరో పెట్టె బయట ఆగిందంటే ఇంజను ఆగవలసిన చోట జెండా పట్టుకొని నిలబడే పోర్టరు తప్పుచోట నిలబడి ఉండాలని తేల్చాడు. ఆ గది తలుపు తీస్తే ప్లాట్‌ఫారమే. ఆయన తలుపు తీయలేదు. ముసలాయనకు రావలసిన ప్రమోషన్ పోయింది.

"అడుగులేసి కొలిచి చూపిస్తానన్నాను సార్. నీ అడుగు ఎంతో ఎవడికి తెలుసన్నాడు."

"జెండా కొంచెం ముందు పట్టుకోవచ్చుగా సాయిబూ?" అన్నారు శెట్టిగారు. ఆయన ఎప్పుడు వచ్చారో నేను గమనించలేదు.

"ముందుకు పోనిస్తే ఇంజను వాగు వంతెన మీద నిలబడుద్ది శెట్టిగారూ. అప్పుడు డ్రైవరు దిగి నన్ను కొడతాడు." చుట్టూ నవ్వారు. ముసలాయన నవ్వలేదు. "ప్రమోషన్ సంగతి పోనీండి. ఆ కాలు ఇరిగినామె పన్నెండేళ్ల నుంచి నా మొహం చూడదు. బావి కాడ కనబడితే బిందె తీసుకొని ఎనక్కి పోద్ది. దొర కాగితం చూసి చెప్పాడు గదా, నాదే తప్పని. ఇప్పుడు మీరు కూడా అదే కాగితం చూసి టేషనే కట్టారు. రేపు మా ఊళ్లోవాళ్లు బస్సు కట్టించుకొని మరీ చూడటానికి వస్తున్నారు."

నేను ప్లాను మడిచాను. పలక మాత్రం అందరికీ కనబడేలా ఉంది.

"అన్నయ్యగారూ," అన్నారు శెట్టిగారు, చాలా మృదువుగా, "మరి టేపు తీస్తారా?"

9వ తేదీ ఆదివారం పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు ముగ్గురం స్టేషను దగ్గర బస్సు దిగాము. వందడుగుల స్టీలు టేపు నాది. రెండో కొస పట్టుకుంటానని శెట్టిగారు తామే ముందుకొచ్చారు. ఆ ఉత్సాహంతో ఆయన ఎప్పుడైనా దేవుడి రథం లాగారో లేదో నాకు అనుమానమే. నాపరాళ్లను ఊరివారు గడపలకూ కొట్టాలకూ తీసుకుపోయారు గాని, పునాది కట్టు అలాగే ఉంది. రెండు కొసల్లోనూ మూల మలుపు స్పష్టంగా ఉంది. ముసలాయన కొలిచేచోటికి రాలేదు. దీపాల గది గోడ నీడలో కూర్చొని వాగు వైపు చూస్తున్నాడు.

మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ 320 వచ్చింది. కొస అవతల పార పెట్టి నాలుగు చోట్ల తవ్వి చూశాను. పునాది లేదు, సున్నం లేదు, ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు.

384లోంచి 320 తీసేస్తే అరవై నాలుగు. సరిగ్గా ఒక పెట్టె. ఏ కంట్రాక్టరు కట్టాడో తెలియదు. ఎవరు కొలిచి సరిగా ఉందని సంతకం చేశారో, ప్లాను మీద ఉన్న మూడు సంతకాలకే తెలియాలి. ఆ అరవై నాలుగడుగుల పనితనాన్ని మాత్రం మెచ్చుకోక తప్పదు. ఎండకు పగలలేదు, వానకు కుంగలేదు, ఏనాడూ మరమ్మతు అడగలేదు. మిగిలిన ప్లాట్‌ఫారమంతా శిథిలమైపోయినా, ఆ ముక్క నీలం కాగితం మీద కొత్తగానే ఉంది.

"ఎంతొచ్చింది సార్?" అని ముసలాయన కూర్చున్నచోటు నుంచే అడిగాడు.

"మూడు వందల ఇరవై."

"అయిదు పెట్టెలు," అన్నాడు, వాగు వైపే చూస్తూ.

శెట్టిగారు టేపు చుడుతూ నా వైపు చూశారు. ఏదో అనబోతున్నారని సిద్ధపడ్డాను. అంతలో టేపు చుట్టడం ఆగిపోయింది. ఆయన ముసలాయన వైపు చూస్తున్నారు.

మధ్యాహ్నం హాలుకు తిరిగి వచ్చి, మాట ప్రకారం నమూనాను తొలగించబోయాను. ముసలాయన అడ్డుపడ్డాడు.

"తీసెయ్యొద్దు సార్. తీసేస్తే ఏం తెలుస్తది? కొయ్యండి."

స్కూలు వడ్రంగి గదిలోంచి రంపం తెచ్చారు. ఎనిమిది అంగుళాలకు పెన్సిలు గీత గీసి, అందరి ఎదుటా కోశాను. నాపరాయి అంచు విరిగి, సున్నం రాలి, చూడటానికి ఏమంత శుభ్రంగా లేదు. ఆ మూడు రోజుల్లో నా బల్ల చుట్టూ జనం చేరింది అప్పుడే. అగ్నిపర్వతం కుర్రాళ్లు కూడా వచ్చి చూశారు. రెండు పట్టాల పక్కన ఖాళీ అయినచోట జల్లెడ పట్టిన కంకర పోశాను.

"ఇంకొక్కటి సార్," అన్నాడు ముసలాయన. "కొలిచింది కాగితం మీద రాసియ్యండి. తేదీ వేసి."

ఒక కాగితం వల్ల జీవితం పాడైనవాడు ఇంకో కాగితం అడుగుతున్నాడు. రాశాను. కొలిచిన తేదీ, వేళ, టేపు రకం, మూడు కొలతలు, నా సంతకం. సాక్షి సంతకం ఎవరిదని అడిగేలోపే శెట్టిగారు పెన్ను తీశారు.

నాలుగు గంటలకు ఆ ఊరివాళ్ల బస్సు వచ్చింది. అందులోంచి ఒక ఆమె కుంటుతూ దిగి, హాల్లోకి వచ్చి, ముసలాయనను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ముసలాయన పక్కకు తప్పుకొని గోడకు ఆనుకున్నాడు. నేను కాగితం చదివాను. ఆమె కాగితం వినలేదు. నమూనా దగ్గరికి వచ్చి, ప్లాట్‌ఫారం తెగిన చోటుకు కొంచెం అవతల, కంకర మీద వేలు పెట్టింది.

"ఈడ," అంది. తరువాత గోడ వైపు తిరిగి, "ఏంది సాయిబూ, ఆనాడే ఈ చెక్క కోయించి చూపించొచ్చుగా?" అంది.

"ఆనాడు చెక్క యాడుందమ్మా," అన్నాడు ఆయన.

తిరుగు బస్సులో ఆమె ముందు సీట్లోనూ, ఆయన మూడు సీట్ల వెనకా కూర్చున్నారు. బస్సు కదిలేటప్పుడు ఆమె వెనక్కి తిరిగి ఆయన్ను ఏదో అడగడం నేను చూశాను.

ఆ కొలతల నకలు ఒకటి సంబంధిత కార్యాలయానికి రిజిస్టరు పోస్టులో పంపాను. ఏడు నెలలకు జవాబు వచ్చింది. రికార్డు ప్రకారం సదరు ప్లాట్‌ఫారం పొడవు 384 అడుగులనీ, అదీగాక సదరు స్టేషను ప్రస్తుతం ఉనికిలో లేనందున కొలత ప్రశ్న ఉత్పన్నం కాదనీ రాశారు. జవాబు తీసుకొని ఆ ఊరు పోయాను. ముసలాయన బావి గట్టు మీద కూర్చొని ఉన్నాడు. చదివి వినిపించాను. పక్కనే బావిలోంచి నీళ్లు తోడుతున్న ఆ కాలు విరిగినామె, "ఏమంటన్నారు?" అని అడిగింది.

"అరవై నాలుగడుగులు ఇంకా ఉందంట," అన్నాడు ఆయన.

ఆమె చేదడం ఆపి నవ్వింది. నేను ఇంటికి వచ్చి నోటుబుక్కు తీసి, మా ఆవిడ మాట ఎదురుగా ఉన్న "ఆధారం లేదు" అన్నది కొట్టేసి, పక్కన తేదీ వేశాను.